సూది కోసం అమ్మబోయిన కయ్య

నెల్లూరు దగ్గర పెన్న దాటి, కోవూరు మీదుగా తూర్పుకు మళ్ళితే విడవలూరు వస్తుంది. దారికి ఇరుపక్కలా వరి కయ్యలు, వాటి నడుమ రొయ్యల గుంటలు. ఇంకా ముందుకు పోతే రామతీర్థం, ఆపైన సముద్రం. వేసవి సెలవుల్లో ఒక ఆదివారం నేను ఆ వూరు వెళ్ళవలసి వచ్చింది. పెళ్ళికీ కాదు, తీర్థానికీ కాదు. పూర్వం నా దగ్గర బి.ఏ. చదివిన శిష్యుడొకడు ఫోను చేసి, "సార్, అర ఎకరం కయ్య అమ్ముతా వుండాము. అమ్మే ముందు మీతో ఒక మాట మాట్లాడాలని మా అమ్మ పట్టు పట్టింది" అన్నాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కయ్యల బేరంతో ఏమి పని? ఆ మాటే అన్నాను. "బేరం సంగతి కాదు సార్. ఒక కాయితం వుంది. కాయితంలో వున్నదాన్ని వున్నట్టు చదివి అర్థం చెప్పేవాళ్ళు మాకు కావాల" అన్నాడు. ఆ పని నాకు చేతనైనదే గనుక బయలుదేరాను.

వెళ్ళాక గాని సంగతి తెలియలేదు. అరుగుమీద చాప. చాపమీద మా శిష్యుడి తల్లి. ఆమె ఒళ్ళో మూడున్నర ఏళ్ళ మనుమడు. కళ్ళు దీపాల్లాగా వున్నవి. కాని కాళ్ళు రెండూ కత్తెర వేసినట్టు ఒకదాని మీద ఒకటి పడుతున్నవి. పిడికిళ్ళు విడివడడం లేదు. ఎత్తి కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోతున్నాడు. ఏడో నెలలోనే పుట్టాడట. పుట్టగానే ఏడవలేదట. ఆస్పత్రిలో చాలా రోజులు అద్దాలపెట్టెలో పెట్టి బతికించారట.

"పిలకాయ బతికినాడు, అదే పదివేలు అనుకున్నాము నాయనా. ఏడాదికి కూర్చోలేదు, రెండేళ్ళకు నిలబడలేదు. తాయెత్తులు కట్టించాము, నూనెలు రుద్దినాము" అన్నది ఆ పెద్దామె.

కాయితం తెచ్చి చూపించారు. ఏదో దూరపు పట్టణంలోని చికిత్సాలయం వారిది. చైనా పద్ధతిలో ఆక్యుపంక్చర్ స్థానాలు గుర్తించి, ఆ స్థానాలలో మందు ఇంజెక్షన్లు చేస్తారట. విడత విడతగా చేస్తే మెదడులో చచ్చిన కణాలు మేలుకుని పిల్లలు లేచి నడుస్తారని రాసి వుంది. నడిచిన పిల్లల బొమ్మలు వున్నవి. బస, భోజనం, మందులు అన్నీ కలిపి లెక్క వేస్తే అర ఎకరానికి సరిపోతుంది.

"చదువుకున్నోడివి, నువ్వు చెప్పు నాయనా. సూదేస్తే నడుస్తాడా?" అని అడిగింది ఆమె.

నేను వైద్యుణ్ణి కాను. పదిహేను రోజులు గడువు అడిగాను. పుస్తకాలు తిరగేశాను. పిల్లల వైద్యులైన స్నేహితులను విసిగించాను. తెలుసుకున్నది ఆ ఇంటివారికి చెప్పాను. ఇటువంటి కాయితం చేతపట్టుకుని కూర్చున్న ఇళ్ళు ఇంకా ఎన్నో వుంటాయి గనుక ఇక్కడ కూడా చెబుతున్నాను.

జబ్బు ఎక్కడ వుంది?

దీనిని ఇంగ్లీషు వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అంటారు. మనవాళ్ళు మస్తిష్క పక్షవాతం అన్నారు. చూసేవారికి కాళ్ళలోను చేతులలోను కనిపిస్తుంది గాని, జబ్బు వున్నది కాళ్ళలో కాదు, మెదడులో. బిడ్డ కడుపులో వుండగానో, పుట్టేటప్పుడో, పుట్టిన కొద్దికాలానికో ఎదుగుతున్న మెదడుకు దెబ్బ తగులుతుంది. కండరాలను ఆడించే ఆజ్ఞలు సరిగా రావు. కొందరిలో కండరాలు బిగుసుకుపోతాయి. ఎక్కువమంది ఈ తరహావారే. కొందరిలో అవయవాలు వద్దన్నా కదులుతూ వుంటాయి. ఇంకా కొందరిలో నిలకడ తప్పుతుంది.

పోలియోకూ దీనికీ తేడా వున్నది. పోలియో క్రిమి వెన్నుపాములోని నరాల కణాలను తింటుంది. కాలు మెత్తబడి, సన్నబడి వేలాడుతుంది. ఇక్కడ వెన్నుపాము బాగానే వుంటుంది. కాలు బిగుస్తుంది. విశాఖపట్నంలో పోలియో పిల్లలకు వేల సంఖ్యలో శస్త్రచికిత్సలు చేసి, 2022లో పద్మశ్రీ పొందిన డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణరావుగారి వంటివారి చలవ వల్ల, "కాలు వంకర పోతే ఆపరేషనుతో సరి" అన్న నమ్మకం మన జిల్లాలలో నాటుకున్నది. ఆ నమ్మకం మంచిదే. కాని ఆపరేషను కాలిని సరిచేయగలదు గాని మెదడుకు తగిలిన దెబ్బను తుడిచివేయలేదు.

ఈ జబ్బును మొదట శ్రద్ధగా వర్ణించినవాడు లండన్ వైద్యుడు విలియం జాన్ లిటిల్. పసితనంలో వచ్చిన పోలియో వల్ల ఆయన పాదమే వంకరగా వుండేది. 1836లో జర్మనీలో స్ట్రోమేయర్ అనే వైద్యుడి చేత శస్త్రం చేయించుకుని బాగుపడి, ఆ విద్యను స్వదేశానికి తెచ్చాడు. 1861లో లండన్ ప్రసూతి వైద్య సంఘం ఎదుట మాట్లాడుతూ, కష్టమైన కాన్పుకూ బిగుసుకుపోయిన అవయవాలకూ సంబంధం వున్నదన్నాడు. చాలాకాలం దీన్ని లిటిల్ వ్యాధి అనే పిలిచారు. తరవాత 1897లో మరొకాయన ఇదే జబ్బు మీద పెద్ద గ్రంథం రాస్తూ, "కాన్పు కష్టం కావడం కారణం కాకపోవచ్చు, బిడ్డకు అంతకు ముందే జరిగిన హానికి అది గుర్తు కావచ్చు" అన్న భావం వెలిబుచ్చాడు. ఆయన ఎవరనుకున్నారు? మనస్సు లోతులు తవ్వినవాడని పేరు పొందిన సిగ్మండ్ ఫ్రాయిడే. మనస్సు జోలికి పోకముందు ఆయన నరాల వైద్యుడు.

ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు అరుగు దగ్గర గుమ్మం పక్కన ఒకామె నిలబడి వుంది. బిడ్డ తల్లి. ఆమె అంతసేపూ నోరు విప్పలేదు. బంధువులు కొందరు ఆమెనే తప్పు పట్టారట. గ్రహణంనాడు బయటికి వచ్చిందట, తినరానిది తిన్నదట. నెలలు నిండకుండా పుట్టడం, పుట్టినప్పుడు ప్రాణవాయువు అందకపోవడం, పచ్చకామెర్లు మితిమీరి మెదడుకు ఎక్కడం, మెదడువాపు జ్వరం - ఇవీ కారణాలు. చాలా సందర్భాలలో కారణం ఇదని వైద్యులే వేలు పెట్టి చూపలేరు. కాని గ్రహణం మాత్రం ఆ జాబితాలో లేదు. తల్లి తప్పు అంతకన్నా లేదు. ఈ మాట నేను అత్తగారి ఎదుటనే గట్టిగా చెప్పాను.

చైనా సూది

ఇక ఆక్యుపంక్చర్ సంగతి. ఇది చైనావారి పాత విద్య. రెండువేల సంవత్సరాలకు తక్కువ లేదు. ఒంట్లో ప్రాణశక్తి కొన్ని దారుల వెంట నడుస్తుందనీ, ఆ దారుల మీద కొన్ని చోట్ల సన్నని సూది గుచ్చితే అడ్డులు తొలగుతాయనీ వారి భావన. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇటువంటి స్థానాలు 361 వున్నవి. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఒకటి, మోకాలి కింద ఒకటి, ఇలా తల నుంచి పాదం దాకా.

ఇది మన దేశానికి వచ్చిన తోవ కూడా చెప్పుకోదగినదే. జపానుతో యుద్ధంలో వున్న చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెసు అయిదుగురు వైద్యులను పంపింది. వారిలో ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశాడు. ఆయన కథతో శాంతారామ్ 1946లో సినిమా తీశాడు. అదే బృందంలోని బెంగాలీ వైద్యుడు బిజయ్ కుమార్ బసు 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి, కలకత్తాలో దానికి అంటు నాటాడు. 1971లో పెకింగులో అపెండిసైటిస్ ఆపరేషను చేయించుకున్న అమెరికా విలేకరి జేమ్స్ రెస్టన్, తరవాత వచ్చిన కడుపు బాధకు తనకు సూదులు గుచ్చారని పత్రికలో రాయగా, పడమటి దేశాలలో దీనికి గిరాకీ పెరిగింది.

మామూలు ఆక్యుపంక్చర్ సూదిలో మందు వుండదు. వట్టి సన్నని తీగ. 1950లలో చైనా వైద్యులు తమ పాత విద్యనూ ఇంగ్లీషు వైద్యాన్నీ కలిపే ప్రయత్నంలో, అదే స్థానాలలో సిరంజితో కొద్దిగా మందు ఎక్కించడం మొదలుపెట్టారు. అదే ఈ కాయితంలోని చికిత్స. ఎక్కించే మందు ఒక్కొక్క చోట ఒక్కొక్కటి: బి1, బి12 విటమిన్లు, మూలికల సారాలు, పంది మెదడు నుంచి తీసిన సెరిబ్రోలైసిన్ అనే ద్రవం. చైనాలో మస్తిష్క పక్షవాతం గల పిల్లలకు దీనిని విస్తారంగా వాడుతున్నారు. అబద్ధపు వైద్యమని కొట్టిపారేయడానికి వీలులేదు. చేసేవారిలో నమ్మి చేసేవారు వున్నారు.

పని చేస్తుందా?

ఇంతకీ ప్రశ్న అది. పరీక్షలు జరగలేదా అంటే జరిగాయి, చైనాలో చాలానే జరిగాయి. అయితే ఎక్కువభాగం చిన్నవి. సూదితోపాటు ఆ పిల్లలకు మర్దనా, వ్యాయామం, మాట నేర్పడం కూడా సాగుతుంటాయి. బాగుపడినది సూది వల్లనా, వ్యాయామం వల్లనా? ఎవరికి ఏ చికిత్స జరిగిందో తెలియకుండా కొలతలు తీసుకున్నవి అరుదు. సంవత్సరాల తరబడి గమనించినవి మరీ అరుదు. చచ్చిన మెదడు కణాలు ఈ సూదితో మేలుకుంటాయనడానికి రుజువు లేదు.

మరి ఆ బొమ్మల్లో పిల్లలు నడిచారు గదా అంటారు. నిజమే కావచ్చు. ఈ జబ్బు మెదడులో ముదిరేది కాదు. తగిలిన దెబ్బ తగిలినంతే. పిల్లవాడు మాత్రం ఎదుగుతూనే వుంటాడు. నిన్న రానిది నేడు వస్తుంది. ఈ జబ్బు వున్న పిల్లల్లో సగానికి మించి ఎప్పటికో ఒకప్పటికి నడుస్తారు, కొందరు ఆసరాతో. ఆ ఎదుగుదల జరిగే రోజుల్లో ఎవరి చేతిలో వుంటే వారికి యశస్సు దక్కుతుంది. వాన వచ్చే ముందు కప్పతల్లిని మోసినవారికి దక్కినట్టు.

సూది వల్ల మేలు లేకపోయినా కీడు లేదుగదా అనుకోవడానికి వీలులేదు. పిల్లవాడికి నొప్పి. చీము పట్టవచ్చు. పిరుదులో తప్పుచోట గుచ్చితే కాలికి పోయే పెద్ద నరం దెబ్బతిని పాదం వాలిపోతుంది. పసిపిల్లలకు టీకాలు పిరుదుకు కాక తొడ ముందువైపు వేయడానికి ఇది ఒక కారణం. పోలియో తిరుగుతున్న రోజుల్లో మరొక ముప్పు వుండేది. క్రిమి ఒంట్లో వున్న బిడ్డకు మామూలు జ్వరమనుకుని సూది వేస్తే, సూది పడిన కాలే చచ్చుబడేది. 1950 నాటికే ఆస్ట్రేలియా, ఇంగ్లండు వైద్యులు దీన్ని గుర్తించారు. అనవసరపు సూదుల వల్ల మన దేశంలో ఎందరు పిల్లలు కుంటివారయ్యారో అని తరవాత పరిశోధకులు మొత్తుకున్నారు. 2011 జనవరి తరవాత మన దేశంలో సహజ పోలియో కేసు లేదు, 2014లో పోలియో లేని దేశమని ధ్రువపత్రం వచ్చింది గనుక ఆ ముప్పు తప్పింది. వాడిన సూదే మళ్ళీ వాడే ముప్పు మాత్రం తప్పలేదు. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో హెపటైటిస్-బి అలాగే పాకి ఎందరో చనిపోయారు.

"సూదేస్తేనే వైద్యం" అనే నమ్మకం మన పల్లెల్లో బలమైనది. సూది వేయని వైద్యుడికి మనం ఫీజు ఇవ్వడానికి వెనకాడతాము. ఈ అలవాటు మీదనే ఆ కాయితం కూర్చుని వున్నది.

ఏది పని చేస్తుంది?

ఆస్ట్రేలియాలో అయోనా నొవాక్ అనే పరిశోధకురాలు తన బృందంతో 2013లోను, మళ్ళీ 2020లోను ఈ జబ్బుకు చేసే చికిత్సలన్నీ ఏరి, వీధి కూడలిలోని దీపాలలాగా ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేసి చూపింది. ఆకుపచ్చ వెలిగినవాటిలో అద్భుతాలు లేవు. ఇంటి పట్టున రోజూ చేసే అభ్యాసం. బిడ్డకు కావలసిన పని ఒకటి ఎంచుకుని, దాన్నే మళ్ళీ మళ్ళీ వాడి చేత చేయించడం. ఒక చెయ్యి మాత్రమే బలహీనమైతే మంచి చేతిని కొంతసేపు కట్టి, రెండోదానికి పని చెప్పడం. తొంటి ఎముక జారిపోకుండా అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి చూసుకోవడం. మూర్ఛలు వుంటే మందులు.

ఒక ఇంజెక్షను కూడా ఆ ఆకుపచ్చ జాబితాలో వుంది. బొటులినం అనే విషాన్ని అతి కొద్ది మోతాదులో, బిగిసిన కండరంలోనే వేస్తారు. 1993 నుంచి ఈ పిల్లలలో దీని ఫలితాలు ప్రచురిస్తున్నారు. బిగువు సడలుతుంది. కాని మూడు నాలుగు నెలలకు మందు బలం తీరిపోతుంది. ఆ వ్యవధిలో కాలు సాగదీసి అభ్యాసం చేయిస్తేనే ఫలం. అది కూడా బిడ్డను పరీక్షించి, ఈ కండరానికి ఇంత అని నిర్ణయించే వైద్యుడు చేయవలసిన పని.

అన్నిటికన్నా ముఖ్యం తొందరగా పోల్చుకోవడం. నాలుగో నెల దాటినా మెడ నిలపకపోయినా, పిడికిలి విడవకపోయినా, తొమ్మిదో నెలకు కూర్చోకపోయినా, ఏడాది నిండక ముందే ఒకే చేతిని వాడుతున్నా, "వాళ్ళ నాయన కూడా ఆలస్యంగానే నడిచాడులే" అని కూర్చోకూడదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇటువంటి పిల్లల కోసం జిల్లాలలో కేంద్రాలు పెట్టారు. సికిందరాబాదులో మానసిక వైకల్యం గలవారి కోసం 1984లో జాతీయ సంస్థ ఏర్పడింది. దాని అజమాయిషీ కింద నెల్లూరులోనే ఒక ప్రాంతీయ పునరావాస కేంద్రం వున్నది. రైలెక్కితే మద్రాసులో 1985లో మొదలైన విద్యాసాగర్ సంస్థ వుంది. 2016 నాటి చట్టం ఈ జబ్బును పేరుపెట్టి చేర్చింది గనుక ధ్రువపత్రం, దానితో వచ్చే సౌకర్యాలు ఈ పిల్లల హక్కు. 2024 జూలైలో మన రాష్ట్ర ప్రభుత్వం వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు పెంచింది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం కింద నిరామయ అనే ఆరోగ్య బీమా సంవత్సరానికి లక్ష రూపాయల దాకా వుంది.

పెద్దామెకు జవాబు

ఇవన్నీ చెప్పడం సులభమే. కాని ఆమె నన్ను అడిగినది వేరు. "నడుస్తాడా?" అని అడిగింది.

దానికి కూడా వైద్యుల దగ్గర ఒక కొలత వున్నది. రెండేళ్ళకు తనంతట తాను కూర్చున్న బిడ్డ చాలామటుకు నడుస్తాడు. నాలుగేళ్ళు వచ్చినా ఆసరా లేకుండా కూర్చోలేని బిడ్డ తన కాళ్ళ మీద నడవడం అరుదు. వీడికి మూడున్నర. నెల్లూరులో పిల్లల వైద్యుడు పరీక్షించి అదే చెప్పాడు. చదివి వున్నదున్నట్టు చెబుతానని మాట ఇచ్చినవాణ్ణి గదా, రెండోసారి వెళ్ళినప్పుడు అరుగుమీద కూర్చుని ఆ మాట చెప్పాను. ఇరవై ఏళ్ళుగా తరగతిలో ఎన్నో శోకఘట్టాలు చదివాను గాని, అంత కష్టమైన వాక్యం ఎన్నడూ పలకలేదు.

ఆమె కొంగుతో బిడ్డ నోరు తుడుస్తూ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ సూదేసే చోటోళ్ళు ఈ మాట చెప్పలేదే నాయనా" అన్నది. ఇంకొంచెం ఆగి, "నడవకపోతే పోనీ. వీడికి మనం చెప్పేది అర్థమవుతుందా?" అని అడిగింది.

అప్పుడు మొదటిసారి బిడ్డ తల్లి మాట్లాడింది. "అన్నీ అర్థమవుతాయి అత్తమ్మా. అవునంటే పైకి చూస్తాడు, కాదంటే కళ్ళు మూస్తాడు. నేను రోజూ చూస్తానే వుండాను" అన్నది. మేము చూస్తుండగానే అడిగింది: "అన్నం తింటావా?" కళ్ళు మూశాడు. "తాతతో గుంటల కాడికి పోతావా?" చూరు వైపు చూశాడు, ఇంత పెద్ద నవ్వుతో. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఒక సంభాషణ జరుగుతున్నది. తల్లికి తప్ప ఎవరికీ వినబడలేదు. ఐర్లండులో క్రిస్టీ బ్రౌన్ అనే ఆయన ఇదే జబ్బుతో పుట్టి, ఒక్క ఎడమకాలి వేళ్ళతో రాయడం నేర్చుకున్నాడు. ఆయన ఆత్మకథ 1954లో అచ్చయింది. అతని బుద్ధిని మొదట గుర్తించినది కూడా తల్లే.

"నాకు ముందు కుర్చీ కావాల సార్. వీడు బరువవుతా వుండాడు, ఎత్తి ఎత్తి నా నడుం పోతా వుంది" అన్నది ఆమె. సూది గురించి అంతమంది అంత మాట్లాడుకున్నాము గాని, ఈ అవసరం ఎవరికీ తోచలేదు.

నెల్లూరు కేంద్రంలో కొలతలు రాయించుకుని వచ్చి, వూళ్ళో వడ్రంగి చేతనే మూల కుర్చీ చేయించారు. వెనక గోడల మూల లాగా రెండు పలకలు, కాళ్ళ నడుమ కత్తెర పడకుండా ఒక దిమ్మ, ముందు ఒక బల్ల. తాత గుంట కాడికి తీసుకుపోయేటప్పుడు వేరే చక్రాల బండి. వారానికి ఒకసారి నెల్లూరు, మిగతా రోజులు ఇంట్లో అభ్యాసం. ఇందులో అద్భుతమేమీ జరగలేదు. మొన్న వెళ్ళినప్పుడు వాడు ఆ కుర్చీలో అన్నం తినేంతసేపు కూర్చున్నాడు. కుడిచేతి పిడికిలి విప్పి అప్పడం ముక్కను నోటిదాకా తెచ్చుకున్నాడు. సగం బల్లమీద రాలింది. సగం నోట్లోకి పోయింది.

కయ్య అమ్మలేదు. దాని మీద వచ్చే గింజలే వీడి బండి బాడుగకూ, మందులకూ అయ్యేట్టు చూసుకోవాలని తాత ఏర్పాటు చేశాడు. అర ఎకరం అమ్మి వేసుకునే సూది కొన్ని వారాలకు తీరిపోతుంది. వీడికి కావలసినది జన్మంతా కావాలి.

వస్తుంటే పెద్దామె బండిదాకా వచ్చి, "ఆ కాయితం పారేయలేదు నాయనా. పక్క వూళ్ళో ఇంకో పిలకాయ వుండాడు. వాళ్ళమ్మ వచ్చి అడిగితే నేనే చదివించి చెప్తాను" అన్నది.